నాలుగడుగుల్లో ఎండా నీడా

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈమధ్య తరచూ వినబడే పేచీ ఒకటుంది. కుక్కని తెచ్చుకుందామని పిల్లలు అడిగితే "మంచులో దాన్ని బయటికి ఎవరు తిప్పుతారు?" అంటారు పెద్దవాళ్లు. పిల్లి అంటే సోఫా నిండా బొచ్చు, ఒకరికి తుమ్ములు. అప్పుడు పిల్లవాడు స్నేహితుడి ఇంట్లో చూసొచ్చిన మూడో పేరు ఎత్తుతాడు, బియర్డెడ్ డ్రాగన్ అని. అరవదు, బొచ్చు రాల్చదు, కరవడం అరుదు. పగలు మెలకువగా ఉండి రాత్రి మనతోపాటే నిద్రపోతుంది. పేరులో డ్రాగన్ ఉందన్నమాటే గానీ మనిషి భుజం మీద గంటసేపు కదలకుండా కూచోగలదు. అమ్మానాన్నలు ఎలాగో ఒప్పుకుంటారు. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మకే కాస్త కష్టం. ఒంటి మీద బల్లి పడితే పంచాంగం తీసి బల్లిశాస్త్రం చూసే ఆవిడ ఎదురుగా, మనవడు మూరెడు తొండని చొక్కాకి తగిలించుకుని తిరుగుతుంటాడు.

తొండ అనడంలో తప్పేమీ లేదు. మన కంచెల మీద ఎర్రటి మెడతో తల ఊపుతూ కనబడే తొండా, ఈ ఆస్ట్రేలియా జీవీ ఒకే కుటుంబానివి. శాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని అగామిడే అంటారు. తల ఊపడం రెండింటికీ వంశాచారమే. పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మేది దాదాపు ఎప్పుడూ పొగోనా విట్టిసెప్స్ అనే జాతి. ఎర్న్‌స్ట్ ఆల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1926లో దీన్ని వర్ణించాడు. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వ్యాపార ఎగుమతిని ఏనాడో ఆపేసింది కాబట్టి, ఇవాళ ప్రపంచమంతా పెంచుకుంటున్నవి ఒకప్పుడు దొంగచాటుగా బయటికి పోయిన కొన్ని తొండల సంతతి. అవి తరతరాలుగా మనుషుల చేతుల్లోనే పుడుతున్నాయి. అయినా వాటి ఒంటికి ఆ పాత ఎండే కావాలి.

దుకాణం వాళ్లు జంతువుతోపాటు ఒక 'కిట్' కూడా అంటగడతారు. ఒక చిన్న గాజు పెట్టె, ఒక సంచీ ఇసుక, మెలికల బల్బు, గాజుకి అతికించే గుండ్రటి థర్మామీటరు, వేడెక్కే రాయి, అన్నీ ఒకే అట్టపెట్టెలో ఉంటాయి. ఆ సాయంత్రమే తొండపిల్లని తెచ్చి అందులో వేస్తారు. మొదటి రెండు నెలలూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత తిండి తగ్గుతుంది, కాళ్లు వణుకుతాయి, దవడ మెత్తబడుతుంది. సరిగా చూసుకుంటే పదేళ్లు, ఒక్కోసారి అంతకు మించీ బతకాల్సిన జంతువు ఏడాదికే మంచాన పడినట్టవుతుంది. ఇందులో పిల్లవాడి ప్రేమకి లోటేమీ లేదు. లోటంతా ఆ పెట్టెలో ఉంది. అందుకే ఈ అధ్యాయం జంతువు గురించి కంటే దాని ఇంటి గురించే ఎక్కువ మాట్లాడుతుంది. ఇల్లు ముందు కట్టాలి, వారం పాటు ఖాళీగా నడపాలి, కొలవాలి, సరిచేయాలి. తొండ ఆ తర్వాత రావాలి.

కంచె గుంజ మీద బతుకు

తూర్పు ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాలు దీని సొంత ఊరు. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ పడమటి భాగాల నుంచి విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ దాకా కనబడుతుంది. ఎర్రమట్టి నేల, అక్కడక్కడ యూకలిప్టస్ చెట్లు, తుప్పలు, మైళ్ల కొద్దీ పశువుల కంచెలు. వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలం రాత్రుళ్లు వెన్నులోకి చలి దిగుతుంది.

పొద్దున్నే ఈ తొండ కంచె గుంజో, ఎండిన కొమ్మో ఎక్కుతుంది. ఒంటిని పలకలా వెడల్పు చేసి ఎండవైపు వంచుతుంది. చర్మం రంగు ముదురుతుంది, ముదురు రంగు వేడిని త్వరగా లాక్కుంటుంది. ఒంట్లో వేడి దాదాపు 35 డిగ్రీలకి చేరాక గానీ తిండి వేటకి దిగదు. మధ్యాహ్నానికి అదే చర్మం పాలిపోయి లేత పసుపుకి వస్తుంది, నోరు తెరుచుకుని వేడిని వదులుతుంది, ఇక చాలనిపిస్తే తుప్పలోకో బొరియలోకో జారుకుంటుంది. మనిషి ఒంట్లో వేడి తిన్న అన్నం నుంచి పుడుతుంది. తొండ తన వేడిని నాలుగు కాళ్ల మీద నడిచి వెళ్లి తెచ్చుకుంటుంది.

ఈ జాతిలో ఉష్ణోగ్రత ఎంత దూరం పనిచేస్తుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. గుడ్లు 32 డిగ్రీలకి మించిన వేడిలో పొదిగితే, జన్యువుల ప్రకారం మగవి కావలసిన పిల్లలు ఆడవిగా పుట్టగలవు. అవి పెరిగి గుడ్లూ పెడతాయి. ప్రయోగశాలలో తెలిసిన ఈ వింత అడవిలో కూడా జరుగుతోందని కాన్‌బెర్రా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2015లో నేచర్ పత్రికలో చూపించారు.

ఇంతకీ ఇల్లు కట్టేవాళ్లకి ఇందులో పనికొచ్చేది ఏమిటంటే, ఈ జంతువుకి 'సరైన ఉష్ణోగ్రత' అంటూ ఒకటి లేదు. పెట్టె అంతా 35 డిగ్రీలు ఉంచితే చచ్చిపోతుంది, పెట్టె అంతా 28 ఉంచితే తిన్నది అరగక నీరసిస్తుంది. దానికి కావలసింది తేడా. ఒక చివర మండే ఎండ, రెండో చివర చల్లటి నీడ, మధ్యలో మెట్లు మెట్లుగా దిగే వేడి, ఆ మెట్ల మీద తనకి నచ్చినప్పుడు నచ్చిన చోటికి నడిచే వీలు. పెట్టె కొలతలు మొదలుకొని నేల దాకా ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించవచ్చు. ఇది తొండకి ఎంచుకునే వీలు ఇస్తోందా, లాక్కుంటోందా?

ఆ లెక్కన కొలత దానంతటదే తేలుతుంది. పెరిగిన తొండ తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. రెండడుగుల పెట్టెలో ఒక చివర దీపం పెడితే రెండో చివరా వేడెక్కిపోతుంది, నడిచి వెళ్లడానికి నీడ మిగలదు. అందుకే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెద్ద తొండకి కనీసం అని అనుభవమున్న పెంపకందార్లు చెబుతున్నారు. ఇంకా పెద్దదైతే మరీ మంచిది. పిల్లగా ఉన్నప్పుడు చిన్న పెట్టె, పెరిగాక పెద్దది అని కొందరు రెండుసార్లు కొంటారు. అక్కర్లేదు. దాక్కునే చోట్లు ఎక్కువగా పెట్టి, పురుగుల్ని కళ్లెదుటే వేస్తే పిల్ల కూడా పెద్ద ఇంట్లో హాయిగా ఉంటుంది.

అద్దాల పెట్టె అయితే వెనకా, పక్కలా ముదురు కాగితం అంటించాలి. లేకపోతే తన ప్రతిబింబాన్నే వేరే తొండ అనుకుని గాజు మీద కాళ్లు గీరుతూ రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. పెట్టెకి తలుపు ముందువైపు ఉండటం మేలు. అడవిలో గద్ద పైనుంచే వస్తుంది, పైగా దీని నడినెత్తిన వెలుతురు తేడాని పసిగట్టే చిన్న 'మూడో కన్ను' ఉంటుంది. పైనుంచి చెయ్యి దిగితే బెదిరిపోతుంది. అదే కారణానికి పెట్టెని నేలమీద కాకుండా బల్ల ఎత్తున పెట్టాలి. ఏసీ గాలి తగిలే చోటు, పోపు పొగ చేరే వంటింటి గోడ, అగరుబత్తి పొగ వచ్చే పూజ గది పక్కన వద్దు.

ఎండ రెండు రకాలు

ఆకాశంలో సూర్యుడు ఒక్కడే రెండు పనులు చేస్తాడు. వేడిమీ ఇస్తాడు, కంటికి కనబడని అతినీలలోహిత (యూవీ) కిరణాలూ ఇస్తాడు. పెట్టెలో ఆ రెండు పనులకీ రెండు దీపాలు కావాలి, రెండూ ఒకే చివర పక్కపక్కన ఉండాలి.

ముందు వేడి సంగతి. పెట్టెలో ఒక చివర పైన హాలోజన్ ఫ్లడ్ బల్బు ఒకటి పెట్టి, దాని కింద బల్లపరుపు రాయి గానీ లావుపాటి కొమ్మ గానీ అమర్చాలి. రాయి పైభాగం 38 నుంచి 42 సెంటీగ్రేడు డిగ్రీలు ఉండాలి, అంటే అమెరికా లెక్కలో 100 నుంచి 108 ఫారెన్‌హీట్. చల్లటి చివర 22 నుంచి 26 మధ్య నిలవాలి. దీన్ని చేత్తో ముట్టుకుని చెప్పడం ఎవరివల్లా కాదు. గాజుకి అతికించే గుండ్రటి థర్మామీటరు గాజు వేడి చెబుతుంది తప్ప రాతి వేడి చెప్పదు. ట్రిగ్గరు నొక్కితే అంకె చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు రాతికి, తీగ చివర మొనతో ఉండే డిజిటల్ థర్మామీటరు గాలికి, ఈ రెండూ ఉండాలి.

ఖాళీ పెట్టెతో గడిపే వారంలో అసలు పని ఇదే. పొద్దున దీపం వేసి రెండు గంటలాగి రాతి మీద గురి పెడితే 51 అని చూపిస్తుందనుకుందాం. రాతిని ఒక పలక కిందికి దించాలి, లేదా తక్కువ వాట్ల బల్బు వెయ్యాలి. 34 చూపిస్తే కింద ఇంకో పలక పేర్చాలి. సరిపోయిందనుకున్నాక రెండో చివర చూస్తే అక్కడ 31 ఉంటుంది. ఇప్పుడు బల్బుని కాస్త మూలకి జరపాలి, లేదా గాలి ఆడే కంతలు పెంచాలి. మధ్యాహ్నం, సాయంత్రం, తెల్లవారుజాము కూడా చూసి రాసుకోవాలి. ఈ తిరుగుళ్లన్నీ తొండ లేనప్పుడే అయిపోవాలి. గది వేసవికీ చలికాలానికీ మారుతుంది కాబట్టి బల్బుని అవసరాన్ని బట్టి మందగించే డిమ్మింగ్ థర్మోస్టాట్ పెట్టుకోవడం తెలివైన ఖర్చు. తొండకి పెట్టే డబ్బు కంటే ఈ సరంజామాకే ఎక్కువవుతుందని ముందే తెలిసుంటే ఇంట్లో గొడవ తగ్గుతుంది.

బల్బు పట్టుకునే సాకెట్టు పింగాణీది కావాలి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. క్లిప్పుతో అంచుకి తగిలించే దీపాలు జారి కార్పెట్ మీద పడితే ఇంటికే ప్రమాదం. వాటిని తీగతో కట్టెయ్యాలి. బల్బు పెట్టె లోపలే ఉంటే చుట్టూ జాలీ ఉండాలి. కరెంటుతో వేడెక్కే రాళ్ల జోలికి అసలు పోకూడదు, వాటి మీద పడుకుని పొట్ట కాలిన తొండల్ని పశువైద్యులు చాలా చూశారు. ఎల్ఈడీ బల్బు వెలుతురిస్తుంది గానీ ఎండ కాచుకోవడానికి చాలినంత వేడి ఇవ్వదు. రాత్రి పూట ఎర్ర బల్బు, నీలం బల్బు అంటూ అమ్మేవి కొనక్కర్లేదు. రాత్రి చీకటిగా ఉండాలి, చల్లబడాలి. గది 16 డిగ్రీల కంటే దిగిపోయే ఇంట్లో మాత్రం వెలుతురివ్వకుండా వేడినిచ్చే సిరామిక్ హీటరు చాలు.

రెండో ఎండ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, కంటికి కనబడదు కాబట్టి. తొండ చర్మంలో ఉండే కొలెస్ట్రాల్ జాతి పదార్థం ఒకటి యూవీ-బి కిరణాలు తగిలినప్పుడు డి3 విటమినుగా మారే దారి పడుతుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగులోంచి రక్తంలోకి చేరదు. రక్తానికి కాల్షియం తగ్గకూడదు, తగ్గితే గుండె ఆగుతుంది. కాబట్టి ఒళ్లు తన ఎముకల్నే కరిగించి రక్తానికి పంపుతుంది. మెత్తబడే దవడ, వంకర తిరిగే వెన్ను, వణికే వేళ్లు అలా వస్తాయి. ఎదిగే పిల్లల్లో ఇది మరీ త్వరగా ముదురుతుంది. ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

డి3 పొడి తినిపిస్తే సరిపోదా అని అడిగేవాళ్లకి 2010లో నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చం ఈ తొండపిల్లల మీదే చేసిన అధ్యయనం జవాబు. గుడ్డు పగిలిన నాటి నుంచి ఆరు నెలలు రోజుకి కనీసం రెండు గంటలు యూవీ-బి కింద ఉంచిన పిల్లల రక్తంలో, పొడి తినిపించిన పిల్లల కంటే డి విటమిను నిల్వ రూపం 18 రెట్లు ఎక్కువ తేలింది. పొడి మోతాదు పెంచినా ఆ తేడా పూడలేదు.

"అయితే కిటికీ పక్కన పెడితే ఎండ వస్తుందిగా?" మన ఇళ్లలో తప్పనిసరిగా వచ్చే ప్రశ్న ఇది. రాదు. మామూలు కిటికీ గాజు యూవీ-బిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపలికి రానిస్తుంది. గాజు కిటికీ ముందు గాజు పెట్టె పెడితే ఎముకకి మేలు సున్నా, పైగా ఒక మధ్యాహ్నానికే లోపలిదంతా ఉడికిపోతుంది.

కావలసింది పొడుగాటి ట్యూబు లైటు. టీ5 హెచ్ఓ రకం, 10 లేదా 12 శాతం అని రాసి ఉన్నది, పెట్టె పొడవులో సగానికి తగ్గకుండా ఉండాలి. జూమెడ్, ఆర్కేడియా వంటి పేరున్న సంస్థలవైతే లెక్క నమ్మవచ్చు. కిట్‌లో వచ్చే మెలికల బల్బు దాని ముందు జానెడు మేరకే కిరణాలు చల్లుతుంది. మూరెడు జంతువుకి తల మీద పడితే ఒంటి మీద పడదు. ట్యూబు పెట్టె పైన ఉండే జాలీకి లోపలివైపు ఉంటే ఎండ రాయికి అడుగు పైనుంచి అడుగున్నర దాకా దూరం సరిపోతుంది. జాలీ పైన పెడితే కిరణాల్లో మూడోవంతు దాకా అక్కడే ఆగిపోవచ్చు కాబట్టి దగ్గరికి జరపాలి. దూరం పెరిగేకొద్దీ బలం చప్పున పడిపోతుంది.

ఎంత బలం కావాలో కూడా అంచనాలున్నాయి. గ్యారీ ఫెర్గూసన్ బృందం 2010లో బయట తిరిగే సరీసృపాలు ఎంత యూవీ పొందుతున్నాయో కొలిచి నాలుగు మండలాలుగా విడగొట్టింది. ఆ మండలాల్లో ఏ జంతువు ఎక్కడికి వస్తుందో ఫ్రాన్సెస్ బెయిన్స్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, సహచరులు 2016లో పట్టీ వేశారు. మన తొండ మూడో మండలంలోకి వస్తుంది. ఎండ కాచుకునే చోట యూవీ సూచీ ఎక్కువలో ఎక్కువ 2.9 నుంచి 7.4 మధ్య ఉండొచ్చు. ఆచరణలో రాయి మీద నాలుగైదు, నీడ చివర సున్నా ఉండేలా అమర్చుకుంటారు. ఇక్కడా కావలసింది ఆ మెట్ల వరసే. కొలిచే యంత్రం సోలార్‌మీటర్ 6.5 ఖరీదైనదే, ఊళ్లో సరీసృపాల క్లబ్బు ఉంటే అరువు దొరుకుతుంది.

ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ దాని యూవీ కరిగిపోతుంది. కనుక బిగించిన తేదీని మార్కరుతో దాని మీదే రాసి, ఏడాది తిరిగేసరికి మార్చేయాలి. రెండు దీపాలకీ ఒకే టైమరు పెట్టి వేసవిలో పద్నాలుగు గంటలు, చలికాలం పదో పదకొండో గంటలు వెలగనిస్తే చాలు.

నేల, మెట్లు, పొరుగువాడు

ఎడారి జంతువు అనగానే అందరికీ ఇసుక గుర్తొస్తుంది. దీని సొంత ఊళ్లో ఉన్నది ఎక్కువగా గట్టి ఎర్రమట్టి. 'కాల్షియం ఇసుక' పేరుతో రంగు రంగుల సంచుల్లో అమ్మేదాన్ని దూరం పెట్టాలి. తొండ దాన్ని నాకి మింగితే కడుపులో గడ్డకట్టే ప్రమాదం ఉంది. పేగు మూసుకుపోవడం వేడి తక్కువై, నీళ్లు తక్కువై, అరుగుదల మందగించిన తొండల్లో మరీ ఎక్కువ అనేది నిజమే. అయినా కొత్తవాళ్లు సాహసం చేయాల్సిన చోటు ఇది కాదు. కొత్తగా వచ్చిన తొండకి మొదటి నెలా రెండు నెలలు పాత న్యూస్‌పేపరో పేపర్ టవలో మేలు. రెట్ట ఎలా ఉందో కనబడుతుంది, పరీక్షకి పంపడం సులువు. ఈ తొండల్లో కాక్సిడియా, పిన్‌వార్మ్ వంటి పేగు పరాన్నజీవులు మామూలు. ఆ తర్వాత గరుకు కడప రాయి రకం పలకలు పరిస్తే గోళ్లు కూడా అరుగుతాయి, ఒక్క తుడుపుతో శుభ్రమవుతుంది. చేయి తిరిగాక మట్టీ ఇసుకా కలిపి మందంగా పరిచి తవ్వుకోనివ్వవచ్చు.

ఇది కంచెలెక్కే జంతువు కాబట్టి నేలతో పని అయిపోదు. ఒంటి వెడల్పుకి తగ్గని లావు కొమ్మలు ఏటవాలుగా బిగించాలి. రాళ్లు పేర్చేటప్పుడు అడుగు రాయి పెట్టె అడుగునే ఆనాలి, మట్టి మీద పెడితే తవ్వుకుంటూ కిందికెళ్లి నలిగిపోతుంది. దాక్కునే గూడు ఒక్కటి చాలదు. వేడి చివర ఒకటి, చల్లటి చివర ఒకటి ఉండాలి. ఒక్కటే ఉంటే భయం వేసినప్పుడు ఒంటి వేడికి తగిన చోటు కాకుండా దాక్కునే చోటే ఎంచుకోవాల్సి వస్తుంది.

తేమ 30, 40 శాతం దగ్గర ఉంటే దానికి సుఖం. ఫీనిక్స్‌లో ఉండేవాళ్లకి ఇది సమస్యే కాదు. హ్యూస్టన్‌లోనో విశాఖపట్నంలోనో వానాకాలం గాలి పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. అలాంటి చోట పెట్టె మీద గాజు మూతకి బదులు జాలీ, గదిలో ఏసీ గానీ డీహ్యూమిడిఫయరు గానీ, నీళ్ల గిన్నె చల్లటి చివర అనే మూడు జాగ్రత్తలూ పనిచేస్తాయి. రోజూ స్నానం చేయించాలన్న మాట ప్రచారంలో ఉంది, అవసరం లేదు.

ఇక ఒంటరిగా ఉందే అని జాలిపడి రెండోదాన్ని తెచ్చే అలవాటు. ఒకదాని మీద ఒకటి పడుకున్న రెండు తొండల ఫొటో పెట్టి ప్రేమ అంటుంటారు. పైనున్నది కిందిదాని ఎండ కాజేస్తోంది, అంతే. బలమైనది తిండీ ఎండా రెండూ లాక్కుంటుంది, రెండోది వేళ్లో తోక కొసో పోగొట్టుకుంటుంది. బల్లి తోకలా దీని తోక మళ్లీ మొలవదు. గడ్డం నల్లబరిచి తల ఊపడం బెదిరింపు. ముందుకాలు ఒకటి ఎత్తి నెమ్మదిగా గుండ్రంగా తిప్పడం లొంగుబాటు. చెయ్యి ఊపి పలకరిస్తోందని పిల్లలు మురిసిపోయేది ఈ రెండోదాన్ని చూసే. ఒక ఇంటికి ఒకటే తొండ.

తిండి, చేతులు, కాగితాలు

పెద్దవాళ్లు కిట్ కొనక ముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. ఈ జంతువుకి బతికున్న పురుగులు కావాలి. పిల్లగా ఉన్నప్పుడు తిండిలో ఎక్కువ భాగం అవే, కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, నల్ల సోల్జర్ ఈగ లార్వాలు. పెద్దయ్యాక ఆ పాళ్లు తిరగబడి ఆకుకూరలు ఎక్కువవుతాయి గానీ పురుగులు పూర్తిగా మానవు. గుడ్డు కూడా గడప దాటనివ్వని ఇంట్లో, అల్మరాలో ఒక డబ్బా నిండా బొద్దింకలు పెంచాలన్న ప్రతిపాదన నెగ్గుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. నెగ్గకపోతే ఈ తొండ ఆ ఇంటికి కాదు. దాన్ని శాకాహారిని చేసే దారి లేదు.

పురుగుల మీద ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి చల్లి వేయాలి. ఆకుల్లో ఆవాకు, కొలార్డ్, డాండెలియన్, తురిమిన గుమ్మడి బాగా పనికొస్తాయి. మన పెరటి పాలకూర, తోటకూర, గోంగూరల్లో ఉండే ఆక్సలేటు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి అవి రోజువారీ తిండి కాకూడదు. అవకాడో విషం. పండ్లు పిల్లలు ప్రేమగా పెడతారు. కానీ తొండ పళ్లు దవడ అంచుకి అతుక్కుని ఉంటాయి, మెత్తటి తీపి పదార్థం అంటుకుంటే చిగుళ్లు పాడవుతాయి. జూన్ సాయంత్రాలు న్యూజెర్సీ పెరళ్లలో పిల్లలు సీసాల్లో పట్టే మిణుగురుల్ని మాత్రం పెట్టె దరిదాపులకి రానివ్వకూడదు. ఒక్కటి మింగినా తొండ గంటల్లో చనిపోవచ్చు. అలా పోయిన పెంపుడు తొండల గురించి 1999లోనే శాస్త్ర పత్రికల్లో వచ్చింది.

చేతుల సంగతి కూడా గట్టిగా చెప్పుకోవాలి. ఆరోగ్యంగా కనబడే తొండ రెట్టలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు. సాల్మొనెల్లా కోతమ్ అనే అరుదైన రకం పలు రాష్ట్రాల్లో జనానికి సోకితే, మూలం పెంపుడు బియర్డెడ్ డ్రాగన్లని అమెరికా సీడీసీ 2014లో తేల్చింది. 2024లో అదే రకంతో మళ్లీ అలాంటి హెచ్చరికే ఇవ్వాల్సి వచ్చింది. ఎక్కువగా దెబ్బతినేది పసిపిల్లలు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇది మంచి ఎంపిక కాదని ఆరోగ్యశాఖలు చెబుతాయి. మనవళ్లూ తాతయ్యలూ ఒకే కప్పు కింద ఉండే మన ఇళ్లలో ఈ మాట ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు వద్దు, దాని గిన్నెలూ పలకలూ వంటింటి సింకులో కడగకూడదు. వాటికి వేరే బకెట్టు, వేరే స్పాంజి.

కాగితాల విషయానికొస్తే, ఊరు ఊరికీ చట్టం మారుతుంది. హవాయిలో దీన్ని పెంచడమే నిషేధం. సొంతగడ్డ ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వంటి చోట్ల లైసెన్సు తీసుకోవాలి. రోడ్డు పక్క కనబడిందని సిడ్నీ తెలుగువాళ్లు ఇంటికి తెచ్చుకోకూడదు. హైదరాబాద్, బెంగళూరుల్లోనూ ఇవి అమ్మకానికి కనబడుతున్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక, అంతర్జాతీయ సైటీస్ జాబితాలో ఉన్న విదేశీ జంతువుల్ని పెంచేవాళ్లు నమోదు చేయించుకోవాల్సి వస్తోంది. కొనబోయే జంతువు ఏ జాబితాలో ఉందో, దాని దిగుమతి కాగితాలేవో అటవీశాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే డబ్బు తీయాలి. రసీదు ఇవ్వని చోట కొనకూడదు. ఇది దొరకలేదని ఊళ్లో తొండనో ఉడుమునో పట్టుకొచ్చే ఆలోచనే వద్దు. ఉడుము మన చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, జైలుకెళ్లే పని.

మామూలు పశువైద్యుడికి కుక్కా పిల్లీ తెలుస్తాయి, ఇది తెలియకపోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లు సరీసృపాల వైద్యుల సంఘం ఏఆర్ఏవీ సభ్యుల పట్టికలో తమ ఊరికి దగ్గరి పేరు వెతికి పెట్టుకోవాలి. తొండ వచ్చిన రెండు వారాల్లోపే రెట్ట పరీక్ష చేయించాలి. మొదటి వారం పిల్లలు ఎత్తుకోకుండా ఉండటం అన్నిటికంటే కష్టమైన నియమం. అది కొత్త కొమ్మలనీ రాళ్లనీ నాలుకతో తాకి తాకి చూసుకుంటూ తిరుగుతుంది. రెండో మూడో రోజు తిండి మానినా కంగారు పడనక్కర్లేదు.

మిగిలింది ఇండియా ప్రయాణం. డిసెంబరులో నాలుగు వారాలో, వేసవి సెలవుల్లో ఆరు వారాలో ఇంటికి తాళం పడుతుంది. పిల్లి ఉన్నవాళ్లకి బోర్డింగు దొరుకుతుంది, తొండని తీసుకునే చోట్లు తక్కువ. పెద్ద తొండ చలికాలంలో వారాల తరబడి తిండి మాని ఏ మూలో నిద్రలోకి జారుకోవడం కూడా మామూలే. దీన్ని బ్రూమేషన్ అంటారు. ఇంటికొచ్చి చూసే స్నేహితుడికి ముందే చెప్పకపోతే చచ్చిపోయిందని వాట్సాప్‌లో ఫొటో పంపిస్తాడు. అందుకని పెట్టె తలుపుకి ఒక కాగితం అంటించి వెళ్లాలి. రాయి మీద ఎన్ని డిగ్రీలు ఉండాలి, చల్లటి చివర ఎన్ని, ఏ రోజు ఎన్ని పురుగులు, పొడి ఏ డబ్బాలో ఉంది, బల్బు మాడిపోతే కొత్తది ఏ అరలో ఉంది, కరెంటు పోతే ఏం చేయాలి, పశువైద్యుడి ఫోను నంబరు ఏది. ప్రయాణానికి వారం ముందు ఆ స్నేహితుణ్ణి పిలిచి, యజమాని పక్కన నిలబడి చూస్తుండగా ఒక పూట అన్నీ అతనిచేతే చేయించాలి. థర్మామీటరు బ్యాటరీలు కొత్తవి వేయాలి.